నష్టం చేతులు మారే చోటు

ఆదివారం తెల్లవారుజాము ప్యాసింజరు.
ఒళ్ళో అంతర్జాతీయ వాణిజ్యం, మొదటి సంపుటం,
అట్ట మీద టిఫిను డబ్బా కార్చిన నూనె.
నంబూరు లోపల ఒక పాఠం ముగించాలనుకుంటాను,
నంబూరు ఎప్పుడొచ్చి వెళ్ళిందో తెలియదు.
వంతెన చప్పుడుకి మెలకువ.
ఎదుటి సీటు పెద్దావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరి
కృష్ణమ్మకి దణ్ణం పెట్టింది.
ఇది ఏ పద్దు కింద రాయాలి,
ఎగుమతా?

మొగల్రాజపురంలో ఓ మేడమీద క్లాసు.
వెనక బెంచీలో కూర్చుని బ్యాగు జిప్పు తీశానో లేదో
ముందు వరస బ్యాంకు ఆఫీసరు తుమ్మాడు,
ఆనక మందుల కంపెనీ ఫణికుమార్,
ఆనక గది.
ఆరేళ్ళుగా మిర్చి యార్డు పక్కన ఎగుమతి కాగితాలు రాసేదాన్ని,
షాంపూకీ అత్తరుకీ లొంగని ఘాటు నాది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఫ్యాను మాత్రం ఒక నంబరు తగ్గింది.

బసవేశ్వర్ సారు బోర్డు మీద ఓడ గీశాడు,
నాటుపడవలా వచ్చింది.
“ఎఫ్‌ఓబీ అంటే,
సరుకు ఓడెక్కిన క్షణాన
నష్టం చేతులు మారుతుంది.
ఇక్కడి వరకు అమ్మినవాడిది, అక్కణ్ణుంచి కొన్నవాడిది.”
నిలువుగీత గీస్తుంటే సుద్దముక్క విరిగింది.

ఆ గీత నాకు కొత్త కాదు,
రోజూ టైపు చేసేదే.
దాని పైవరసలో ఇంకో మాట టైపు చేస్తాను:
“తొడిమ లేని తేజ రకం.”
ఆ ‘లేని’కి టన్నుకింత అని రేటు పెరుగుతుంది.
లేకుండా చేసేది మస్తాన్‌బీ.
ఏటుకూరు రోడ్డు షెడ్డులో కిలో లెక్కన కూలి.
రాత్రి గిన్నెడు మజ్జిగలో చేతులు నానబెట్టుకుంటుంది,
మనవరాలి కళ్ళు తుడవాలంటే మోచెయ్యి వాడుతుంది.

నిరుడు శ్రావణంలో ఓ కంటైనరు వెనక్కొచ్చింది.
బూజు విషం,
వందకోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళు ఎక్కువట.
అక్కడెవరో గాజు గొట్టం వెలుగులోకి ఎత్తి చూసి
తల అడ్డంగా ఊపి ఉంటారు.
మా ఓనరు గొంతు పెంచలేదు.
తర్వాతి లాటు తక్‌పట్టీలో రైతుకి కోత పెట్టాడు,
షెడ్డుకి మూడు వారాలు తాళం వేశాడు.
మస్తాన్‌బీ చీటీ కట్టలేకపోయింది.
అంత దూరపు నష్టం
ఎవర్నీ దారి అడక్కుండా
ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

చెయ్యెత్తాను.
“సార్, గీతకి ఇటువైపు, అమ్మినవాడి వెనకాల,
ఇంకో గీత లేదా?”
“సిలబస్ అమ్మేవాడి దగ్గరే మొదలవుతుందమ్మా” అన్నాడు.
మంచివాడే, కసురుకోలేదు.
మెట్ల దగ్గర టీ తాగుతూ
“మీ షెడ్డు ఒకసారి చూపిస్తారా?” అనడిగాడు.

మంగళవారం వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.
గుమ్మంలోనే పదకొండు తుమ్ములు,
మస్తాన్‌బీ లెక్కపెట్టింది.
చెంబుతో నీళ్ళిచ్చి
“కళ్ళు రుద్దుకోకండి సారూ, రుద్దేకొద్దీ ఎక్కువ” అంది.
అడగాలనుకున్నవేవీ అడక్కుండానే
నోటుపుస్తకం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష ముందు రాత్రులు
అరండల్‌పేట అద్దింట్లో, వాషింగ్ మెషీను మీద పుస్తకం.
ఏ దేశం దేంట్లో మెరుగో అదే చెయ్యాలట,
మిగతాది కొనుక్కోవాలట.
నేను మెరుగైంది నిద్రలో,
అమ్ముదామంటే నాకే చాలట్లేదు.

వచ్చింది అదే ప్రశ్న, పది మార్కులు.
పుస్తకంలో ఉన్నదే రాశాను.
పాసైతే అసిస్టెంటు మేనేజరుని,
జీతం నాలుగు వేలు పెరుగుతుంది,
స్కూటీ వాయిదాకి సరిపోతుంది.
ఓడ బొమ్మ కూడా వేశాను, సారు కంటే బాగానే కుదిరింది.
గీతకి ఇటువైపు కొంచెం ఖాళీ వదిలాను, ఎందుకో.

పొద్దున లాటు చూసి చేతులు సరిగా కడుక్కోలేదేమో,
పేజీ తిప్పిన ప్రతిచోటా
బొటనవేలి ముద్ర, లేత ఎరుపు.
దిద్దేవాళ్ళెవరో,
కళ్ళు రుద్దుకునే అలవాటు లేనివాళ్ళైతే బాగుండు.